జట్కా బండోళ్ళ యాసలో యుద్ధం చేసిన రేడియో

కోతలైపోయాయి, కుప్పలు పడ్డాయి. మబ్బు పడితే గుండె పట్టుకోవడం తప్ప ఈ వారం పొలంలో పెద్ద పని లేదు. అంచేత ఈసారి ఎరువుల సంగతీ, ధాన్యం కొనుగోలు సంగతీ పక్కన పెట్టి ఒక పాత కథ రాస్తన్నాను. కాస్త పొడుగు ఉంటాది. చుట్ట కాల్చుకునేవాళ్ళు కాల్చుకోండి, టీ తాగేవాళ్ళు టీ తెచ్చుకోండి.

డిసెంబర్ 4 అంటే నేవీ డే. మనూళ్ళ కుర్రోళ్ళు బళ్ళేసుకుని విశాఖ బీచ్‌కి వెళ్ళి ఓడల విన్యాసాలు చూసొస్తుంటారు. ఆ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది, 1971 యుద్ధం గుర్తుగా కట్టిన స్మారకమూ ఉంది. రెండింటి ముందూ ఫొటోలు దిగుతాం. ఆ స్మారకం వెనక కథలో రేడియో ఉందని మాత్రం చాలామందికి తెలీదు.

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట సముద్రంలో పెద్ద పేలుడు వినబడింది. తీరంలో ఇళ్ళ కిటికీ అద్దాలు అదిరాయి. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ అక్కడ మునిగిపోయింది, లోపలున్న తొంభై పైచిలుకు మందితో సహా. ఎలా మునిగిందన్నదాని మీద మనవాళ్ళ మాట ఒకటి, వాళ్ళ మాట ఇంకొకటి. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన బాంబులకి అని మనం అంటాం, తాను పెట్టబోయిన మైనే పేలిందని వాళ్ళంటారు. నాకు ముఖ్యం అది కాదు. ఘాజీ అసలు విశాఖ దాకా ఎందుకొచ్చింది? విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ ఆ టైముకి అండమాన్ దగ్గర దాక్కుని ఉంది. మరి ఇక్కడుందని వాళ్ళకెవరు చెప్పారు? మన నేవీయే చెప్పింది! రాజ్‌పుత్ సముద్రం మీద తిరుగుతూ, తానే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో సందేశాలు గుమ్మరించింది. విశాఖ బజార్లో కాంట్రాక్టర్లకి విక్రాంత్ పేరు చెప్పి పెద్ద ఎత్తున సరుకులు ఆర్డర్ పెట్టారు, ఎవడో ఒకడు ఆ కబురు మోసుకుపోతాడు కదా అని. అప్పుడు తూర్పు నౌకాదళం అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఇదంతా తర్వాత పుస్తకంలో రాసుకున్నారు. బంగాళాదుంపల ఆర్డర్‌తో కూడా యుద్ధం చెయ్యొచ్చన్నమాట.

ఇది మన ఒడ్డున జరిగింది. ఇదే సముద్రం పైకొసకి, కలకత్తాకి వెళ్దాం. అక్కడ బాలీగంజ్ సర్క్యులర్ రోడ్డులో ఒక రెండంతస్తుల ఇల్లు. అందులో ఒక గది. ఆ గదిలో ఒకాయన అప్పటికి ఆరు నెలలకి పైగా మైకు ముందు కూర్చుని పాకిస్తాన్ సైన్యాన్ని వెటకారం చేస్తన్నాడు. తుపాకీ లేదు, యూనిఫాం లేదు. ఆయన కార్యక్రమం పేరు చరమపత్రం. బెంగాలీలో చొరోమ్‌పొత్రో అంటారు. ఆఖరి హెచ్చరిక అనుకోండి, ‘ఇంక నీకు మూడింది’ అని చెప్పే ఉత్తరం అనుకోండి. ఈ పోస్టు ఆయన గురించి.

ముందు యుద్ధం ఎందుకొచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్పాలి. 1947లో పాకిస్తాన్ రెండు ముక్కలుగా పుట్టింది. పడమర ఒకటి, తూర్పున బెంగాల్ ఒకటి. మధ్యలో మన దేశమంతా అడ్డం. జనం తూర్పునే ఎక్కువ. పంటా అక్కడిదే. మన విజయనగరం, శ్రీకాకుళం రైతులకి గోగునార సంగతి చెప్పక్కర్లేదు. మడ్డువలసకి అవతలా ఇవతలా ఎన్ని గెడ్డల్లో గోగు నానబెట్టి చేతులు కుళ్ళబెట్టుకున్నామో మనకి తెలుసు. ఆ తూర్పు బెంగాల్ జనపనారకి ప్రపంచంలోనే పేరు. తొలి రోజుల్లో పాకిస్తాన్‌కి బయటి దేశాల నుంచి వచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ నారదే. నార పీకినోడు తూర్పున, ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించేవాడు పడమట. ఈ బాధ మనకి కొత్తగా వివరించాల్సింది కాదు.

దానికి తోడు భాష. 1948 మార్చిలో జిన్నా ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో నిలబడి, రాజభాష ఉర్దూ ఒక్కటే అన్నాడు. వింటున్న జనంలో ఉర్దూ వచ్చినవాడు నూటికి ఏ ఒక్కడో. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం ఊరేగింపు చేసిన కుర్రోళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవం అని బళ్ళలో జరుపుతారే, ఆ రోజు అక్కడి నుంచి వచ్చిందే. 1967లోనైతే రేడియోలో ఠాగూర్ పాటలు వద్దన్నారు. బెంగాలీ వాడికి ఠాగూర్ పాట వద్దనడమంటే మనకి సంక్రాంతి రోజు ముగ్గు వెయ్యొద్దన్నట్టే.

1970 నవంబర్‌లో తుపాను వచ్చింది. తుపానంటే మనకి తెలుసు, తిత్లీ చూశాం, హుద్‌హుద్ చూశాం. అది వాటి లెక్కలో లేదు. మూడు లక్షల మందికి తక్కువ కాకుండా పోయారు. సర్కారు సాయం నత్తనడక నడిచింది. నెల తిరక్కుండా ఎన్నికలు. తూర్పున ఉన్న 162 సీట్లలో షేక్ ముజిబుర్ రెహమాన్ పార్టీకి 160 వచ్చాయి. మొత్తం పాకిస్తాన్‌కే మెజారిటీ అది. అయినా కుర్చీ ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద పడింది. యూనివర్సిటీ హాస్టళ్ళు, పోలీసు లైన్లు, పేటలు. తర్వాత తొమ్మిది నెలల్లో కోటి మంది దాకా సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు.

ఇక రేడియో. మార్చి 7న ముజిబ్ ఆ రేస్‌కోర్స్ మైదానంలోనే మాట్లాడాడు. ఢాకా రేడియో వాళ్ళు లైవ్ ఇవ్వడానికి అంతా సిద్ధం చేసుకున్నారు. ఆఖరి నిమిషంలో పైనుంచి ఆపేశారు. రేడియో ఉద్యోగులు ఏం చేశారో తెలుసా? ‘అయితే అసలు ఏ కార్యక్రమమూ ఉండదు’ అని స్టేషన్ మూసేసి బయటికి నడిచారు. మర్నాడు పొద్దున్న ఆ ప్రసంగం వేసుకోమని సర్కారే ఒప్పుకోవాల్సొచ్చింది. జీతం తీసుకునే ఉద్యోగులు అంత పని చేశారు.

మార్చి 26న చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్‌లో ఉన్న ట్రాన్స్‌మిటర్ నుంచి స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్రం మొదలైంది. బేతార్ అంటే తీగ లేనిది, రేడియో. నడిపినవాళ్ళు పది మంది. స్వాతంత్ర్య ప్రకటన ఆ రోజు అక్కడి నుంచే ముజిబ్ పేరు మీద చదివారు, మర్నాడు మేజర్ జియావుర్ రెహమాన్ చదివాడు. మార్చి 30న పాకిస్తాన్ విమానాలొచ్చి ఆ స్టేషన్ మీద బాంబులేశాయి. రేడియో స్టేషన్ మీద బాంబు వేశారంటే దానికి ఎంత భయపడ్డారో చూడండి. ఆ పది మందీ చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి విప్పి మోసుకుని సరిహద్దు వైపు వెళ్ళారు. త్రిపుర వైపు నుంచి కొన్నాళ్ళు బలహీనంగా మోగింది. మే 25 నుంచి కలకత్తా బాలీగంజ్ ఇంట్లో కొత్తగా మొదలెట్టారు. మన సర్కారు 50 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఇచ్చింది. కలకత్తా నుంచి అని మాత్రం చెప్పలేదు, ముజిబ్‌నగర్ నుంచి అన్నారు. ఇంటి గదినే స్టూడియో అనుకున్నారు. పాటలు పాడేవాళ్ళు, వార్తలు చదివేవాళ్ళు అంతా ఆ ఇంట్లోనే తిని, అక్కడే నేల మీద పడుకున్నారు.

ఆ మే 25నే చరమపత్రం మొదటిది వచ్చింది. రాసిందీ చదివిందీ ఒక్కడే, ఎం.ఆర్. అఖ్తర్ ముకుల్. బోగ్రా ప్రాంతంలో మహాస్థాన్‌గఢ్‌లో పుట్టాడు, వృత్తి పత్రికా విలేకరి. అప్పటికి నలభై దాటిన మనిషి, కుటుంబంతో శరణార్థిగా వచ్చినవాడు. అక్కణ్ణుంచి డిసెంబర్ 16 దాకా నూటికి పైగా భాగాలు చదివాడు. ఒక్కోటి పది నిమిషాల లోపే.

ఇప్పుడు అసలు సంగతి. రేడియో అంటే అప్పటిదాకా ఒక పద్ధతి ఉండేది. మనకీ అంతే కదా. ఆకాశవాణి వార్తలంటే ఇస్త్రీ మడత నలగని మాటలు. బెంగాలీలోనూ అంతే, రేడియో భాష కలకత్తా బాబుల భాష. ముకుల్ మొదట మామూలు బెంగాలీతోనే మొదలెట్టి, త్వరలోనే దాన్ని పక్కన పెట్టేశాడు. పాత ఢాకా సందుల్లో గుర్రబ్బండ్లు తోలేవాళ్ళ యాస ఎత్తుకున్నాడు. వాళ్ళని కుట్టీలు అంటారు. వాళ్ళ పూర్వీకులు పల్లెల్లో బతకలేక ఢాకా చేరి వడ్లు దంచే కూలికి కుదిరారనీ, బెంగాలీలో దంచడానికి ‘కుటా’ అంటారు కాబట్టి కుట్టీలయ్యారనీ చెప్పుకుంటారు. వడ్లు దంచేవాళ్ళ భాష! సగం బెంగాలీ, సగం ఉర్దూ, ఫార్సీ ముక్కలు, పైన బోల్డంత వెటకారం. కిరాయి తక్కువిస్తానన్న పెద్దమనిషికి ‘నెమ్మదిగా అనండి బాబూ, మా గుర్రం వింటే నవ్వుతాది’ అని బదులిచ్చే రకం అని వాళ్ళ మీద ఢాకాలో ఎన్నో కథలున్నాయి. దానికి ముకుల్ తక్కిన జిల్లాల యాసలు కూడా కలిపాడు. ఒక చోట నోఖాలీవాడి మాట, ఒక చోట బరిసాల్ వాడి మాట. విన్న ప్రతివాడికీ ‘ఇది మావోడి మాటే’ అనిపించేటట్టు.

అప్పటిదాకా ఆ యాస రేడియోలో వినబడితే నాటకంలో నౌకరు పాత్ర అయ్యుండాలి. దాన్ని చూసి బాబులు నవ్వాలి. ముకుల్ దాన్ని తిరగేశాడు. ఇప్పుడు మాట్లాడేవాడు నౌకరు, నవ్వులపాలయ్యేవాడు జనరల్ గారు.

మన బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని గంభీరంగా కథ చెప్తాడు. అటోడు రాజకీయం మాట్లాడతాడు, ఇటోడు హాస్యం. కథకుడు ‘మహారాజు వెడలినాడూ’ అంటే హాస్యం వంత అందుకుని ‘ఎందుకు వెడలాడు? అప్పులోళ్ళొచ్చారేటి?’ అంటాడు. జనం దేనికోసం ఎదురుచూసేది? వాడి మాట కోసమే. నలభైల్లో ప్రజానాట్యమండలి బుర్రకథని పట్టుకుని సర్కార్లని దడిపించింది ఆ వంతగాడి నోటి బలం మీదే. మన శ్రీకాకుళంలో జముకుల కథని సుబ్బారావు పాణిగ్రాహి పట్టుకున్నాడు, అదీ అదే సూత్రం. చరమపత్రంలో కథకుడు లేడు, రాజకీయం వంత లేడు. మొత్తం పది నిమిషాలూ హాస్యం వంతే. కథా వాడే చెప్తాడు, వెక్కిరింపూ వాడే.

మరి ఎలా చెప్పేవాడు? ముందు ఏదో ఊరి కథతో మొదలెడతాడు. ఒక తిక్క అల్లుడు, ఒక పీనాసి మావ, ఎక్కడో విన్న సామెత. ఇదెక్కడికి పోతందిరా అని మనం అనుకునేలోగా ఆ అల్లుడు జనరల్ నియాజీ అయిపోతాడు, ఆ మావ యాహ్యా ఖాన్ అయిపోతాడు. అక్కణ్ణుంచి ఆ రోజు యుద్ధం వార్త. ఏ వంతెన పేలింది, ఏ రైలు పడిపోయింది, విదేశీ పత్రికలు ఏం రాశాయి. వార్త అసలుదే. చెప్పే తీరే వేరు. పాకిస్తాన్ రేడియో రోజూ ‘అంతా మామూలుగానే ఉంది’ అని చదివేది. ఆయన దాన్నే పట్టుకునేవాడు. ఆ మాట మన వంతగాడికి దొరికితే ఏమనేవాడో ఊహించండి. నాకు తోచింది రాస్తన్నాను, ఇది నా కల్పనే, ఆయనది కాదు: ‘అంతా మామూలేనట నాయనా! వంతెన మామూలుగానే ఏట్లో పడుందట. జీపు మామూలుగానే తిరగబడిందట. అందులో మేజర్ గారు మామూలుగానే చెట్టెక్కి కూకున్నారట. దిగండి బాబూ అంటే, మామూలుగా దిగుతాను గానీ కింద ఎవరూ లేరు కదా అన్నాడట!’ ఇలగ ఉండేది వరస.

ముక్తివాహిని కుర్రోళ్ళకి ఆయన పెట్టిన పేరు బిచ్చు. అంటే తేలు. అల్లరి పిల్లాణ్ణి కూడా బెంగాలీలో బిచ్చు అంటారట. ఎంత బాగా కుదిరిందో చూడండి. ‘గెరిల్లా వీరులు’ అంటే ఎక్కడో కొండ మీద ఉన్నట్టుంటాది. బిచ్చు అంటే మన గడ్డిమేటులోనే ఉన్నాడు. ఎప్పుడు కుడతాడో తెలీదు. పైగా మన గుంటడే.

ఇంకోటి, బురద. ఆ ఏడు జూన్ నుంచి వానలు. తూర్పు బెంగాల్ అంటే ఏటి మీద ఏరు. పడమటి నుంచి వచ్చిన సైనికుల్లో చాలామంది పొడి నేలల్లో పెరిగినవాళ్ళు. ఈత రాదు, బురదలో నడవడం రాదు. మనం దమ్ము పట్టిన మడిలోకి పట్నం చుట్టాన్ని దింపితే ఏమవుతాదో చూసే ఉంటారు. ఒక కాలు పీకితే రెండో కాలు దిగుతాది, చివరికి చెప్పు మడిలోనే వదిలేసి గట్టెక్కుతాడు, ఉభాలు వేసే ఆడోళ్ళు నడుములు పట్టుకుని నవ్వుతారు. ముకుల్ ఆ నవ్వుని రేడియోలోకి తెచ్చాడు. ఆ బురద గురించీ, ఆ నీళ్ళ గురించీ ఎంత చెప్పినా ఆయనకి తనివి తీరలేదు. వినేవాడు రైతు. వాడికి ఒక్కసారిగా తోచింది: ఓహో, నాకు చేతనైనది ఈ జనరల్‌కి చేతకాదా!

ఇది చిన్న సంగతి కాదు. ఆ జూన్, జూలై నాటికి పరిస్థితి చాలా అధ్వాన్నంగా ఉంది. ఊళ్ళు తగలబడతన్నాయి. ఎదుర్కొన్న దళాలు వెనక్కి తగ్గాయి. కుర్రోళ్ళు సరిహద్దు దాటి శిక్షణకి వెళ్తన్నారు గానీ ఫలితం కనబడట్లేదు. సైన్యాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరన్న నమ్మకం జనంలో దిగిపోయింది. చేలో దిష్టిబొమ్మ పని చేసేది కూడా అలాగే. అది ఏమీ చెయ్యదు, పక్షులు నమ్మినంతకాలం పని చేస్తాది. ఒక్క కాకి వెళ్ళి దాని నెత్తిన వాలిందా, సాయంత్రానికి మంద దిగిపోతాది. సైన్యం దిష్టిబొమ్మ కాదు, నిజంగానే చంపేది. అయినా దాని నెత్తిన మొదట వాలిన కాకి ఈ పది నిమిషాల కార్యక్రమం.

వినడం కూడా ప్రాణాలతో చెలగాటమే. స్వాధీన్ బంగ్లా రేడియో వింటూ దొరికితే ఏమవుతాదో అందరికీ తెలుసు. తలుపులేసుకుని, దుప్పటి కప్పుకుని, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని విన్నారు. పక్కింట్లో ఎవడు ఎవడి మనిషో తెలీదు. సౌండు పెంచకూడదు, నవ్వు వస్తే ఆపుకోవాలి. అటు శిబిరాల్లో, అడవుల్లో ముక్తివాహిని కుర్రోళ్ళు ఒక్క ట్రాన్సిస్టర్ చుట్టూ మూగి వినేవారు. వాళ్ళలో ఎక్కువమంది రైతుల బిడ్డలు, విద్యార్థులు. ఆ మాటలు వాళ్ళకి కబురు కాదు, భోజనం.

అదే రేడియోలో ఇంకో వెటకారం నాటకం ఉండేది, జల్లాదుల దర్బారు అని. కల్యాణ్ మిత్ర రాశాడు. యాహ్యా ఖాన్‌ని పోలిన పాత్ర రాజు అహ్మద్ వేసేవాడు. కలకత్తా ఆకాశవాణిలో దేవదులాల్ బందోపాధ్యాయ్ చదివే వార్తలకీ అక్కడ అంతే పేరు. ఆయనకి 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన గొంతు వింటే జనానికి ఏడుపొచ్చేదట. ముకుల్ గొంతు వింటే నవ్వొచ్చేది. రెండూ కావాలి కదా.

నేను ఇందులో అంతా గొప్పే అని చెప్పను. యుద్ధంలో వెటకారానికి న్యాయం అన్యాయం ఉండదు. అటు బురదలో కూరుకున్న జవాను కూడా పంజాబులో ఏ గోధుమ రైతు కొడుకో. వాడికి ఈ యుద్ధం ఎందుకో వాడికీ తెలీదు. వాడు చచ్చాడంటే ఇటు నవ్వారు. మరి ఇటు జరిగిన చావులు చూసినవాళ్ళని నవ్వొద్దని ఎవరు చెప్పగలరు? అక్కడున్న ఉర్దూ మాట్లాడే బీహారీలు కూడా రెండు వైపులా నలిగారు. వాళ్ళలో చాలామందిని చంపారు, మిగిలినవాళ్ళు దశాబ్దాలు శిబిరాల్లో బతికారు. భాష కోసం లేచిన దేశంలోనే ఇంకో భాష వాళ్ళకి అది జరిగింది. వెటకారానికి బ్రేకు ఉండదు, ట్రాక్టర్ లాగ కాదు అది.

మాట ఎంత బలమైనదో అవతలి వాళ్ళకీ తెలుసు. ఓడిపోతామని ఖాయమైపోయాక, డిసెంబర్ 14న, ఢాకాలో ప్రొఫెసర్లని, విలేకరులని, డాక్టర్లని ఇళ్ళ నుంచి ఎత్తుకుపోయి చంపారు. నాటకాలు రాసిన మునీర్ చౌదరి వాళ్ళలో ఒకడు. ముకుల్ ఢాకాలోనే ఉండిపోయి ఉంటే ఆయన పేరూ ఆ జాబితాలో ఉండేదేమో.

రెండు రోజుల తర్వాత, డిసెంబర్ 16 సాయంత్రం, నియాజీ ఆ రేస్‌కోర్స్ మైదానంలోనే లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టాడు. లొంగినవాళ్ళు సుమారు 93 వేల మంది. జిన్నా ఉర్దూ ఒక్కటే అన్న మైదానం అదే, ముజిబ్ మాట్లాడిన మైదానం అదే. ఆ రోజే ఆఖరి చరమపత్రం చదివాడు ముకుల్. తర్వాత నేను గెలుపు చూశాను అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశాడు. ఢాకాలో పుస్తకాల షాపు పెట్టాడు. 2001లో ఆ దేశం స్వాధీనతా పురస్కారం ఇచ్చింది. 2004 జూన్‌లో పోయాడు.

ఇదంతా మనకెందుకు అంటారా? మా అమ్మాయి గురించి చెప్తాను. రెండేళ్ళ కిందట దూరంగా ఒక కాలేజీలో చేర్చాం. మొదటి వారం హాస్టల్‌లో ‘ఏటి’ అందిట. ఒక గదిలో మొదలైన నవ్వు ఫ్లోరంతా పాకింది. దసరాకి ఇంటికొచ్చి వాళ్ళ నాయనమ్మతో ‘ఏంటి నాయనమ్మా’ అంది. మా అమ్మ ‘ఏటే కొత్తగా?’ అంది. అది లోపలికి పోయి తలుపేసుకుంది. నేను కల్లంలోకి వెళ్ళిపోయాను, నాకేం చెప్పాలో తోచలేదు. సినిమాల్లో శ్రీకాకుళం యాస అంటే తెరమీద పనోడో, దొంగో, ఎర్రిబాగులోడో వస్తన్నాడని గుర్తు. హీరో మాట్లాడడు. మాట్లాడినా మొదటి సగంలో మాట్లాడి, రెండో సగంలో సరైపోతాడు.

మరి వాడుక భాషలో రాయొచ్చని తెలుగు దేశమంతటికీ చెప్పినవాడు ఎక్కడివాడు? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉండి, కొండల్లో సవరల భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసినవాడు. విజయనగరంలో 1892లో ఆడిన కన్యాశుల్కం ఎవరి మాటల్లో ఉంది? మన వీధి అరుగుల మాటల్లో. గురజాడ, గిడుగు ఒకే బడిలో చదువుకున్న స్నేహితులు కూడా. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని గిడుగు పుట్టినరోజు చేస్తారు, ఆ సభల్లో అందరూ గ్రాంథికం వాసనొచ్చే తెలుగే మాట్లాడతారు. నాకు ఏటా అదే నవ్వొస్తాది.

ముకుల్ పుట్టింది బోగ్రాలో. ఢాకా బండోళ్ళ యాస ఆయన పుట్టుభాష కాదు, సందుల్లో తిరిగి చెవితో పట్టుకున్నది. పెద్ద చదువు చదివినోడు, పెద్దమనుషుల భాష బాగా వచ్చినోడు, కావాలని కిందికి దిగి ఆ మాట ఎత్తుకున్నాడు. ఎందుకంటే పెద్దమనుషుల భాషలో జనరల్‌ని తిడితే అది ప్రకటన అవుతాది. బండోడి భాషలో తిడితే జనరల్ బట్టలూడిపోతాయి. ఈ తేడా మా అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను. ‘నాన్నా, అది యుద్ధం, ఇది హాస్టల్’ అంది. అదీ నిజమే. కానీ మొన్న ఫోన్ చేసినప్పుడు ‘ఏటి చేస్తన్నావ్ నాన్నా’ అంది. నేనేమీ అనలేదు. వింటే మళ్ళీ ఆపేస్తాదేమోనని.

చరమపత్రం రికార్డింగులు కొన్ని యూట్యూబ్‌లో దొరుకుతాయి. మొన్న రాత్రి కుప్పల దగ్గర కాపలాకి వెళ్ళినప్పుడు మా నాన్నకి ఫోన్‌లో పెట్టి ఇచ్చాను. ఆయనకి 1971 నాటికి పదిహేనేళ్ళు. పంచాయతీ రేడియో దగ్గర నిలబడి యుద్ధం వార్తలు విన్నది ఆయనకి బాగా గుర్తు. బెంగాలీ ఒక్క ముక్క రాదు. దుప్పటి కప్పుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. నాలుగైదు నిమిషాలయ్యాక గట్టిగా నవ్వారు.

ఏం అర్థమైంది నాన్నా అన్నాను.

‘ఏటీ అర్థం కాలేదు. ఎవుడో గానీ పెద్దోణ్ణెవుణ్ణో బలే దులుపుతన్నాడు. ఉండు, ఆపకు’ అన్నారు.